చుక్కల మందు కన్నా ముందు: పిల్లి కంటి జబ్బును పట్టుకునే వరుస

(నల్లగొండలో పశువైద్య సిబ్బందికి, పిల్లులను సాదుకునేవాళ్ళకు ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్తే. డాక్టర్లు, లైవ్‌స్టాక్ అసిస్టెంట్లు, గోపాలమిత్రలు ఒక దిక్కు కూర్చున్నరు, పిల్లులను సాదుకునేటోళ్ళు ఇంకో దిక్కు కూర్చున్నరు. ఇద్దరికీ పనికొచ్చేటట్టు చెప్త. మందుల పేర్లు వచ్చినప్పుడు ఇంటోళ్ళు రాసుకొని సొంతంగ వాడొద్దు. ఆ పేర్లు మీ డాక్టరును అడగడానికి మాత్రమే.

పిల్లి కన్ను ఎర్రగైంది, పుసులు కారుతున్నయి అనంగనే మెడికల్ షాపుకు పోయి చుక్కల సీసా తెచ్చి వేస్తరు. ఆ సీసాల్లో చానా వాటిల్లో యాంటీబయాటిక్‌తోపాటు డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ కలిసి ఉంటది. రెండు రోజుల్ల ఎరుపు తగ్గుతది, మంచిగైందనుకుంటరు. నల్లగుడ్డు, అంటే కంటి ముందరి తేట పొర కార్నియా, దాని మీద పుండు ఉంటే మాత్రం ఆ స్టెరాయిడ్ కిందనే పుండు లోతుకు పోతది. వారం తర్వాత తెచ్చేసరికి కన్ను చిల్లు పడి ఉంటది.

ఎరుపు అనేది జబ్బు పేరు కాదు. తెల్లగుడ్డు మీది పలుచటి కంటిపొర వాపు, నల్లగుడ్డు మీద పుండు, కంటి లోపలి వాపు అంటే యువైటిస్, కంటి ఒత్తిడి పెరిగిన గ్లాకోమా, ఈ నాలుగూ బయటికి ఎర్రగనే కనిపిస్తయి. వీటి మందులు ఒకదానికొకటి పడవు. యువైటిస్‌కు స్టెరాయిడ్ కావాలె, పుండుకు అదే విషం. యువైటిస్‌ల నొప్పికి అట్రోపిన్ వేస్తం, గ్లాకోమాల అదే అట్రోపిన్ ఒత్తిడిని ఇంకా పెంచుతది. అందుకే ఏది ఉందో తేలకుండ సీసా మూత తియ్యొద్దు.

ఇగ పరీక్ష సంగతి. దీనికి ఒక వరుస ఉంది, ఆ వరుస తప్పొద్దు. ఎందుకంటే మనం వేసే ప్రతి చుక్క తర్వాతి పరీక్షను చెడగొడతది. మత్తు చుక్క వేస్తే కన్నీటి కొలత తక్కువ వస్తది. కంటిపాపను పెద్దగ చేసే మందు వేస్తే పాప కదలిక చూడలేం, ఒత్తిడి కొలత కూడా మారుతది. పుండును చూపించే రంగు పోస్తే, కల్చర్‌కు అంటే క్రిమిని పెంచి చూసే పరీక్షకు తీసే నమూనా పాడైతది. కాబట్టి ముందు దూరం నుంచి చూపు, తర్వాత పాప, తర్వాత కన్నీరు, తర్వాత నమూనా, తర్వాత రంగు, తర్వాత ఒత్తిడి, అన్నిటికన్నా ఆఖరుకు పాపను పెద్దగ చేసి కంటి వెనుకటి చూపు పొర, అంటే రెటీనా, చూసుడు.

మొదటి రెండు నిమిషాలు పిల్లిని ముట్టుకోవద్దు. బుట్ట మూత తీసి, తలుపులు పెట్టి, దాన్నే బయటికి రానియ్యాలె. కొత్త గదిల గోడలకు తగులుతుందా, గుడ్లు పెద్దగ చేసి నేలకు అంటుకొని నడుస్తుందా, ఒక కన్ను చిట్లిస్తుందా, ఇవన్నీ అప్పుడే కనిపిస్తయి. చిట్లించుడు అంటే నొప్పి ఉన్నట్టే. పిల్లి అరవదు, మూలకు పోయి కూర్చుంటది, తిండి తగ్గిస్తది. నెత్తి మీది నుంచి కిందికి చూస్తే ఏ గుడ్డు ముందుకు వచ్చిందో తెలుస్తది. గుడ్డు పరిమాణమే పెరిగితే గ్లాకోమా అనుకోవాలె. పరిమాణం మామూలుగనే ఉండి ముందుకు తోసుకొస్తే వెనుక చీము గడ్డనో, కంతినో ఉంటది. చీము గడ్డ ఉంటే నోరు తెరవబోతే పిల్లి నొప్పికి ఒర్రుతది. అందుకే అట్లాంటి పిల్లికి పైదవడ వెనుక పండ్లు కూడా చూడాలె.

పట్టుకునే పద్ధతి కూడా పరీక్షల భాగమే. మందపు తువ్వాలల చుట్టి తల ఒక్కటే బయటికి ఉంచాలె. మెడ చర్మం పట్టి గుంజొద్దు. మెడ మీద బరువు పడితే కంటి ఒత్తిడి పెరిగి లెక్క తప్పొస్తది. లోతు పుండు ఉంటే ఆ పెనుగులాటల్నే గుడ్డు పగిలిపోవచ్చు.

చూపు పరీక్షకు చెయ్యి కంటి ముందుకు తెస్తే రెప్ప కొట్టాలె. ఇక్కడ రెండు తప్పులు జరుగుతయి. చెయ్యి ఊపితే గాలి తగిలి గుడ్డి పిల్లి కూడా రెప్ప కొడతది, మీసానికి తగిలినా అంతే. నడుమ ఒక పారదర్శకమైన ప్లాస్టిక్ షీట్ పెట్టుకుంటే ఈ తిప్పలు ఉండవు. రెండోది, చూపు ఉన్న పిల్లి భయంతో బిగుసుకొని రెప్ప కొట్టకపోవచ్చు. చిన్న పిల్లి కూనలకైతే ఈ అలవాటే ఇంకా వచ్చి ఉండదు. అందుకే చప్పుడు లేకుండ దూది ఉండ పై నుంచి జారవిడిచి, కన్ను దాని వెంట పోతుందో లేదో చూడాలె.

తర్వాత లైటు వేసి పాప చూడాలె. భయపడ్డ పిల్లికి పాపలు పెద్దగైతయి, మామూలు సెల్‌ఫోన్ లైటుకు సరిగ ముడుచుకోవు. లైటు గట్టిది ఉండాలె, గది చీకటిగ ఉండాలె. ఒక కంట్ల వేసినప్పుడు రెండో పాప కూడా ముడుచుకోవాలె. పాప ముడుచుకుందంటే చూపు ఉందని కాదు. పాపను ముడిచే నరాల దారి మెదడు పై పొర దాకా పోదు. చూపు లేకుండ కూడా పాప కదలవచ్చు.

రెండు పాపలు ఒకటే తీరుగ లేకుంటే ఏది తప్పో తేల్చాలె. చీకట్ల తేడా ఎక్కువైతే చిన్న పాపదే తప్పు, వెలుగుల తేడా ఎక్కువైతే పెద్ద పాపది తప్పు. చిన్న పాపతోపాటు, ముక్కు దిక్కు మూలల ఉండే మూడో రెప్ప పైకొచ్చి, పై రెప్ప వాలి, గుడ్డు లోపలికి పోతే హార్నర్స్ సిండ్రోమ్. అది నరం జబ్బు, చెవి లోపల, మెడ దగ్గర వెతకాలె. రెండు కండ్లలోనూ మూడో రెప్ప సమంగ పైకొచ్చి చూపు మంచిగుంటే, పొట్ట సంగతి అడగండి. విరేచనాలు, నులిపురుగులు ఉన్న పిల్లుల్ల ఇట్ల చానా సార్లు కనిపిస్తది.

కన్నీటి కొలతకు షిర్మర్ స్ట్రిప్ అనే కాగితం పట్టీ. కింది రెప్ప లోపల బయటి వైపు మడిచి పెట్టి 60 సెకండ్లు ఉంచాలె. కుక్కల్ల తడి 15 మిల్లీమీటర్లు దాటితే సరే అంటం. పిల్లికి ఆ లెక్క పెట్టొద్దు. ఆరోగ్యంగ ఉన్న పిల్లి కూడా భయంల 10 కన్నా తక్కువ చూపిస్తది. ఒక్క అంకెను పట్టుకొని కన్ను ఎండిపోయింది అనొద్దు. రెండు కండ్ల నడుమ తేడా, నల్లగుడ్డు మెరుపు తగ్గుడు, జిగట పుసులు, ఇవి కలిస్తేనే దానికి విలువ.

ఇప్పుడు రంగు పరీక్ష. నా లెక్కల ఒక పశువైద్యశాలకు కంటి కోసం ఒక్కటే వస్తువు కొనే స్తోమత ఉంటే ఫ్లోరెసిన్ అనే రంగు స్ట్రిప్పులు కొనాలె. స్ట్రిప్పులే, సీసాల కలిపి పెట్టిన ద్రావణం కాదు. ఆ ద్రావణంల సూడోమోనాస్ బ్యాక్టీరియా పెరుగుతది, పుండు చూడబోయి పుండుకు చీము అంటించినట్టయితది. స్ట్రిప్ కొసకు ఒక చుక్క సెలైన్ వేసి పై రెప్ప ఎత్తి తెల్లగుడ్డు మీద తాకించాలె. నల్లగుడ్డుకు స్ట్రిప్ తగిలితే అక్కడనే గీత పడి లేని పుండు కనిపిస్తది. రెండు సార్లు రెప్ప కొట్టనిచ్చి, సెలైన్‌తో మంచిగ కడిగి, చీకట్ల నీలం లైటు వేసి చూడాలె. కడగకుంటే జిగట పుసులకు పట్టిన పచ్చ రంగును పుండు అనుకుంటం.

నల్లగుడ్డు పై పొర చెక్కుచెదరకుంటే రంగు పట్టదు. పై పొర పోయి నడిమి పొర బయటపడితే పచ్చగ మెరుస్తది. ఇక్కడ చానా మంది మోసపోయేది ఒకటి ఉంది. పుండు బాగా లోతుకు పోయి ఆఖరు పలుచటి పొర దాకా చేరితే ఆ పొర రంగు తీసుకోదు. అంచు చుట్టూ పచ్చ ఉంగరం, నడుమ నల్లగ, నున్నగ, తేటగ కనిపిస్తది. నడుమ మానుకొచ్చిందని సంబరపడతం. అదే డెసిమెటోసీల్, ఏ నిమిషానికైనా పగులుతది. దానికి ఆపరేషన్ కావాలె, చుక్కలు కాదు.

రంగు పట్టిన ఆకారం కూడా చదవాలె. చెట్టు కొమ్మల్లెక్క సన్నగ చీలి చీలి పోతే అది పిల్లుల హెర్పిస్ వైరస్ పుండు. పిల్లి కంటి మీద ఆ కొమ్మల ఆకారం వేరే దేనికీ రాదు. మూడో రెప్పకు ఎదురుగ నిలువు గీతల్లెక్క ఉంటే దాని వెనుక ఏదో ఇరుక్కుంది. మిర్యాలగూడ దిక్కు రైస్ మిల్లుల్ల, వడ్ల కల్లాల దగ్గర తిరిగే పిల్లులకు ఊక, వడ్ల నూగు దొరికే అవకాశం ఎక్కువ. ప్రొపారకెయిన్ 0.5 శాతం మత్తు చుక్క వేసి, ఒక నిమిషం ఆగి, మొండి కొసల ఫోర్సెప్స్‌తో మూడో రెప్పను తిప్పి వెనుక చూడాలె. ఆ మత్తు సీసా ఇంటికి ఇయ్యొద్దు. అది పై పొరను మాననియ్యదు.

(సభలోంచి: సారూ, నల్లగుడ్డు మీద నల్ల మచ్చ వస్తది, పెచ్చు కట్టినట్టు. అదేంది?)

మంచి ప్రశ్న అడిగినవ్ తమ్మీ. దాన్ని సీక్వెస్ట్రమ్ అంటరు. నల్లగుడ్డుల ఒక ముక్క చచ్చిపోయి గోధుమ రంగు నుంచి నల్లగ మారుతది. పర్షియన్, హిమాలయన్ జాతుల్ల ఎక్కువ. ముఖం చపాతీ లెక్క ఉండి, గుడ్లు బయటికి ఉండి, నిద్రల కూడా రెప్ప సరిగ మూయదు. ముక్కు దిక్కు కింది రెప్ప లోపలికి తిరిగి వెంట్రుకలు రుద్దుకుంటయి. మన దేశవాళీ పిల్లికి పాత హెర్పిస్ పుండు మానకుంటే వస్తది. ఆ మచ్చ మీద రంగు పట్టదు, అంచుల్ల పడుతది. గోకి తియ్యొద్దు, ఎంత లోతు ఉందో పైకి తెలియదు. ఇంకొక సంగతి డాక్టర్లకు: మానని పుండుకు కుక్కల్ల సూదితో గళ్ళు గీస్తం గదా, గ్రిడ్ కెరటాటమీ, అది పిల్లికి చేయొద్దు. చేస్తే ఈ నల్ల మచ్చనే తయారైతది.

తెల్లగ, గులాబీ రంగుల, పాలవిరుగుడు అంటినట్టు గరుకు పొర నల్లగుడ్డు పైకి పాకితే అది వేరు. మత్తు చుక్క వేసి చిన్న బ్రష్‌తో రుద్ది స్లైడ్ మీద రాసి, రంగు వేసి మైక్రోస్కోప్‌ల చూస్తే ఇయోసినోఫిల్ అనే తెల్ల రక్తకణాలు కనిపిస్తయి. పది నిమిషాల పని. దీనికి స్టెరాయిడ్ పనిచేస్తది. అయితే చానా సార్లు దీని పక్కనే హెర్పిస్ కూడా ఉంటది. స్లైడ్ చూసి, రంగు పరీక్ష చేసి, అప్పుడే మొదలుపెట్టాలె.

కంటిపొర వాపుల కూడా ఏ క్రిమి చేసిందో కొంత తెలుస్తది. తుమ్ములు, ముక్కు కారుడు, పుండు కలిసి ఉంటే హెర్పిస్ వైపు చూడాలె. ఒక కంటితో మొదలై, పొర నీళ్ళు నిండిన బుగ్గ లెక్క ఉబ్బి, కొన్ని రోజులకు రెండో కన్ను పట్టుకుంటే క్లామిడియా అనే బ్యాక్టీరియా అనుకోవాలె. మొదటి వారం, పది రోజుల్ల తీసిన స్లైడ్‌ల కణం లోపల ఆ క్రిముల చిన్న చిన్న గుంపులు కనిపించొచ్చు. క్లామిడియా చుక్కలతో పోదు, డాక్సీసైక్లిన్ నోటి ద్వారా 4 వారాలు ఇయ్యాలె. ఆ మాత్ర వేసిన ప్రతిసారి వెనుక నీళ్ళు తాగించాలె, గొంతుల ఆగితే అన్నవాహిక కాలి ఇరుకైతది. క్రిమి జన్యువును వెతికే పీసీఆర్ పరీక్ష ఉంది, కానీ హెర్పిస్ ఒకసారి వచ్చిన పిల్లుల్ల దాదాపు 80 శాతం జీవితాంతం దాన్ని మోస్తయి. పీసీఆర్ పాజిటివ్ వచ్చినంత మాత్రాన ఇయ్యాల్టి జబ్బుకు అదే కారణం అనలేం.

సున్నం గురించి కూడా చెప్పాలె. ఇండ్లకు సున్నం వేసేటప్పుడు, సిమెంటు పని దగ్గర పిల్లి కంట్ల పడితే పరీక్షల వరుస పక్కన పెట్టండి. సున్నం క్షారం, లోపలికి తినుకుంట పోతది. ఇంట్లనే తేట నీళ్ళతోటి 20, 30 నిమిషాలు ఆపకుండ కడిగి, అప్పుడు తేవాలె. దవాఖానల రెప్పల మడతల్ల గడ్డలు ఉన్నయా చూసి తీయాలె.

ఇగ ఒత్తిడి. పిల్లిల 10 నుంచి 25 మిల్లీమీటర్ల పాదరసం నడుమ ఉండాలె. ఎర్ర కన్నుల 10 కన్నా తక్కువైతే యువైటిస్, 25 దాటి పోతుంటే గ్లాకోమా అని అనుమానం. వేలితో ఒత్తి చెప్పుడు నమ్మొద్దు, 20కి 35కి తేడా వేలికి అందదు. ఒత్తిడి కొలిచే పరికరాల్ల రీబౌండ్ టోనోమీటర్‌కు మత్తు చుక్క అక్కరలేదు, టోనోపెన్‌కు కావాలె. ఇవి ఖరీదు. పాత షియాట్జ్ పరికరంతో కూడా అవుతది, పిల్లి ముక్కు పైకప్పుకు చూసేటట్టు పట్టి, నల్లగుడ్డు నడుమ నిలబెట్టి, అంకెను పట్టికల చూసి మార్చుకోవాలె. రెప్పలు తెరిచేటప్పుడు వేళ్ళు ఎముక మీద ఉండాలె, గుడ్డు మీద కాదు. మూడు సార్లు తీసి, రెండు కండ్లూ పోల్చాలె. పిల్లుల్ల గ్లాకోమా చానా వరకు పాత యువైటిస్ వల్లనే వస్తది. అప్పుడు అంకె మామూలుగ కూడా ఉండొచ్చు, రెండూ ఒకదాన్నొకటి దాచుకుంటయి.

యువైటిస్‌ను పట్టే తీరు చెప్త. పెంకుటింట్ల సందులోంచి ఎండ పడితే ఆ వెలుగు దారిల దుమ్ము రేణువులు కనిపిస్తయి గదా. కంటి ముందు గదిల నీరు మామూలుగ తేటగ ఉంటది, లైటు దారి కనిపించదు. వాపు వచ్చి ప్రోటీన్, కణాలు కలిస్తే ఆ దారి పొగ లెక్క కనిపిస్తది. గది పూర్తిగ చీకటి చేసి, కంటి లోపల చూసే పరికరం ఆప్తాల్మోస్కోప్‌ల అన్నిటికన్నా చిన్న గుండ్రటి వెలుగు పెట్టి, కంటికి దగ్గరగ పట్టి, పక్క నుంచి చూడాలె. పాప చిన్నగైతది, పాప చుట్టూ ఉండే రంగు పొర, ఐరిస్, రంగు మారుతది, నల్లగుడ్డు లోపలి వైపు కింద చుక్కలు చుక్కలుగ అంటుకుంటయి. ఇవి కనిపిస్తే పని అయిపోలేదు, ఇక్కడ మొదలైతది. పిల్లి యువైటిస్ చానా సార్లు ఒళ్ళంతా ఉన్న జబ్బుకు కిటికీ. ఫెలైన్ లుకీమియా వైరస్, రోగాన్ని తట్టుకునే శక్తిని తగ్గించే ఎఫ్‌ఐవీ వైరస్, పిల్లుల కరోనా వైరస్ వల్ల వచ్చే ఎఫ్‌ఐపీ, టాక్సోప్లాస్మా, ఫంగస్, కంతులు, అన్నిటికీ రక్త పరీక్ష, జ్వరం, బరువు, పొట్ట చూడాలె.

ఆఖరుకు పాప పెద్దగ చేసే ట్రాపికామైడ్, 15, 20 నిమిషాలు ఆగాలె. చేదు మందు, ముక్కు నాళం నుంచి నోట్లకు దిగి నురగ కారుస్తది. ఇంటోళ్ళకు ముందే చెప్పాలె, లేకుంటే పిచ్చి లేసిందని బెదురుతరు. చెయ్యి చాపినంత దూరం నుంచి లైటు వేస్తే లోపలి నుంచి పచ్చగ, పసుపుగ మెరుపు తిరిగొస్తది. మోతిబిందు ఉంటే ఆ మెరుపుల నల్లగ అడ్డం కనిపిస్తది. ముసలి పిల్లుల్ల కంటి లోపలి లెన్స్ నీలంగ మసకబారితే మెరుపు ఆగదు, అది వయసు మార్పు, మోతిబిందు కాదు. తర్వాత 20 లేదా 30 డయాప్టర్ల పవర్ ఉన్న చేతి లెన్స్‌తో రెటీనా చూడాలె, బొమ్మ తలకిందులుగ వస్తది.

రెటీనాల మూడు సంగతులు మన జిల్లాల్ల అందరూ తెలుసుకోవాలె.

మొదటిది రక్తపోటు. ముసలి పిల్లి రాత్రికి రాత్రి గుడ్డిదైంది, పాపలు పెద్దగ తెరిచే ఉన్నయి అంటే కంటి మందు రాయకముందు బీపీ చూడాలె. రెటీనా ఊడి లెన్స్ వెనుక పరదా లెక్క ఊగుతది, రక్తం కూడా ఉండొచ్చు. కిడ్నీ జబ్బు, థైరాయిడ్ ఎక్కువ కావుడు పెద్ద కారణాలు. గదిల 5, 10 నిమిషాలు నిమ్మళంగ ఉండనిచ్చి, కాలు చుట్టుకొలతల 30 నుంచి 40 శాతం వెడల్పున్న కఫ్ కట్టి, మొదటి అంకె వదిలేసి 5 నుంచి 7 తీసి సగటు చూడాలె. పై అంకె 160 దాటి ఉంటుంటే జాగ్రత్త పడాలె, 180 దాటితే కంటికి, మెదడుకు పెద్ద ప్రమాదం. అమ్లోడిపిన్ 0.625 మిల్లీగ్రాములతో, అంటే 2.5 మిల్లీగ్రాముల మాత్రల పావు వంతుతో మొదలుపెడతరు. తొందరగ అందితే రెటీనా మళ్ళీ అంటుకోవచ్చు. 7 ఏండ్లు దాటిన పిల్లికి ఏడాదికొకసారి బీపీ చూడండి.

రెండోది తిండి. పిల్లికి టారిన్ అనే పదార్థం సరిపోను ఒంట్ల తయారు కాదు, మాంసం నుంచే రావాలె. ఇది లేకుంటే రెటీనా చచ్చిపోతదని 1975లో తేలింది. పాలన్నం, పెరుగన్నం మీద బతికే పిల్లికి, కుక్కల ఫుడ్ పెట్టే పిల్లికి ఆ ప్రమాదం ఉంది. రెటీనాల చూపు నరం మొదలయ్యే బిళ్ళ పక్కన కోడిగుడ్డు ఆకారంల మచ్చ మొదలై పట్టీ లెక్క సాగుతది. పోయిన భాగం తిరిగి రాదు, తిండి మారిస్తే మిగిలింది నిలుస్తది. చేపలు, కోడి గుండెకాయ, మాంసం పెట్టండి. ఉడికిస్తే టారిన్ నీళ్ళల్లకు దిగుతది, ఆ నీళ్ళు పారబోయకుండ తిండిల కలపండి.

మూడోది మన చేతులనే జరిగేది. ఎన్రోఫ్లాక్సాసిన్ రోజుకు కిలోకు 5 మిల్లీగ్రాములు దాటితే పిల్లి రెటీనా దెబ్బతిని చూపు పోవచ్చు. పశువుల 10 శాతం సీసాల 1 మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు ఉంటది. 4 కిలోల పిల్లికి మొత్తం హద్దు 20. ఆ సీసాల నుంచి 1 మిల్లీలీటరు గుంజితే అయిదింతలు పోయినట్టే. ముసలి పిల్లికి, కిడ్నీ జబ్బున్న పిల్లికి అసలు వేరే మందు చూసుకోండి.

(సభలోంచి: తెల్ల పిల్లికి రెప్ప అంచు పుండు పడి మానుతలేదు, చుక్కలు వేస్తున్నం.)

అక్కా, తెల్ల పిల్లి అంటే ముందు క్యాన్సర్ కాదని తేల్చుకోవాలె. రెప్పకు రంగు లేకుంటే ఎండ సూటిగ తగులుతది, మన ఎండలు మీకు తెలిసినవే. స్క్వామస్ సెల్ కార్సినోమా పుండు లెక్కనే, పెచ్చు లెక్కనే మొదలైతది. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపిస్తే తేలుతది. చిన్నగున్నప్పుడు కోసి తీస్తే రెప్ప నిలబడతది. ఈ వారమే చూపించండి. అట్లనే ఐరిస్ మీద గోధుమ మచ్చలు కనిపిస్తే నెలకొక ఫోటో తీసి పెట్టుకోండి. మచ్చ పరుచుకుంట, ఉబ్బుకుంట పోతే మెలనోమా అనుమానం.

(సభలోంచి: ఇక్కడ కాకుంటే రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీకి పంపుతం. పంపేటప్పుడు ఏం చూసుకోవాలె?)

గోకకుండ మెడకు కాలర్ వెయ్యండి, గట్టి అట్టతో చేసినా సరే. బుట్ట మీద పలుచటి బట్ట కప్పండి. మెడకు తాడు కట్టొద్దు. లోతు పుండు ఉంటే కన్ను తుడవొద్దు, ట్యూబు మందు పూయొద్దు. గుడ్డు చిల్లు పడి ఉంటే ఆ జిడ్డు లోపలికి పోతది. మనుషుల నొప్పి మాత్రలు, ముఖ్యంగ పారాసిటమాల్, ఒక్కటి కూడా ఇయ్యొద్దు, పిల్లి చచ్చిపోతది. చీటీ మీద రెండు కండ్ల ఒత్తిడి వేరువేరుగ, రంగు ఎక్కడ పట్టిందో గుండ్రం గీసి బొమ్మ, ఇప్పటిదాకా వేసిన చుక్కల పేర్లు రాయండి. ట్రాపికామైడ్ గానీ అట్రోపిన్ గానీ వేసి ఉంటే ఎన్ని గంటలకు వేసింరో కూడా రాయండి. అట్రోపిన్ ప్రభావం కొన్ని రోజులు ఉంటది. అది రాయకుంటే అక్కడి డాక్టరు ఆ పెద్ద పాపను చూసి మెదడుల, రెటీనాల కారణం వెతుక్కుంట కూర్చుంటడు.